గుండమ్మ పక్షాన మా నాయనమ్మ

సూర్యకాంతం గారి వయసు గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ పుట్టడమే అత్తగారిగా పుట్టిందన్నట్టు ఉండేది మాకు. నేను పెద్దదాన్నయ్యాక ఓ వారపత్రికలో ఆవిడ పుట్టినరోజు 1924 అక్టోబరు 28 అని చదివి, వేళ్ల మీద లెక్క వేసుకుని నివ్వెరపోయాను. ఎన్టీ రామారావు గారు పుట్టింది 1923 మేలో. నాగేశ్వరరావు గారు 1924 సెప్టెంబరులో. ఇద్దరూ ఆవిడకంటే పెద్దవాళ్లే! 1950లో వచ్చిన ‘సంసారం’లో ఆవిడ రామారావు గారికి తల్లి. అప్పటికి ఆవిడకి ఇరవయ్యారేళ్లు. ‘గుండమ్మ కథ’ నాటికి ముప్పయ్యేడు. ఎస్వీ రంగారావు గారయితే ఆవిడకంటే ఆరేళ్లు పెద్ద, ‘మాయాబజార్’లో ఆవిడ కొడుకు.

ఇరవయ్యారేళ్ల ఆడపిల్ల తన ఈడు కథానాయికలు పాటలు పాడుకుంటుంటే, తాను ముడి వేసుకుని, కొంగు నడుముకి దోపుకుని, ముసలి గొంతు తెచ్చుకుని నిలబడిందంటే ఎంత గుండె ధైర్యం ఉండాలి! ఆ సంగతి తెలిశాక ఆవిడ పాత సినిమాలు మళ్లీ చూశాను. అప్పుడు నాకు కనిపించింది వేరే మనిషి.

మాది కాకినాడకీ సామర్లకోటకీ మధ్యన కాలవ గట్టునున్న పల్లె. ఆవిడ పుట్టిన వెంకటకృష్ణరాయపురం కూడా ఆ చుట్టుపక్కలదే. అందుకే మా పెద్ద మేనత్త ఎప్పుడు ఆవిడ మాట వచ్చినా “మన వైపు పిల్లే” అనేది, అదేదో దగ్గరి చుట్టరికం అయినట్టు. చూడ్డం కూడా ఎప్పుడూ చూసింది కాదు. అయినా ఆవిడ తెర మీద తిట్టే తిట్టులో మా వైపు యాస వినపడితే చాలు, మేనత్త మొహం వెలిగిపోయేది. “వినండే, ఆ సాగదీత మనదే” అని పక్కవాళ్లని పొడిచేది.

సినిమా అంటే మాకు టూరింగ్ హాలే. పంటలు ఇళ్లకొచ్చాక ఊరి చివర డేరా వేసేవాళ్లు. పగలు ఒంటెద్దు బండికి రెండు వైపులా బొమ్మలు కట్టి, మైకులో అరుచుకుంటూ రంగు కాగితాలు పంచేవాళ్లు. సాయంత్రం హాలు మీది మైకులో ఘంటసాల గారి ‘నమో వెంకటేశా’ మొదలైతే ఇక టిక్కెట్లు ఇస్తున్నట్టు లెక్క. ఆ పాట కాలవ మీదుగా మా ఇంటిదాకా వినపడేది. పొయ్యిలో నిప్పులు ఆర్పడం, పిల్లలకి అన్నాలు కుక్కడం, జడలు బిగించడం అన్నీ ఆ పాట అయ్యేలోపు జరిగిపోవాలి. నేల, బెంచీ, కుర్చీ. ఆడవాళ్లకి ఓ పక్కన తడిక కట్టి వేరే చోటు. ఒకే మిషను కాబట్టి రీళ్లు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. ఒక సినిమాకి రెండు మూడు విశ్రాంతులు. ఆ విశ్రాంతుల్లోనే అసలు సినిమా నడిచేది ఆడవాళ్ల వైపు.

సూర్యకాంతం గారు తెర మీదికి వచ్చారంటే తడిక ఇవతల ఒక కదలిక. పిల్లల్ని పడుకోబెట్టిన తల్లులు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు. ఆవిడ ఇంకా నోరు విప్పకుండానే “వచ్చిందమ్మా తల్లి!” అని ఎవరో అనేవాళ్లు. నోరు విప్పాక ఇక శాపనార్థాలు. “దీని నోరు పడ”, “దీని చెయ్యి పడ”, “ఎలా తిప్పుతుందో చూడండే!” అందరికంటే గట్టిగా తిట్టేది మా నాయనమ్మ. ఆవిడ తిట్టినప్పుడల్లా మా అమ్మ, పిన్ని ఒకరినొకరు చూసుకోకుండా తల వంచుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆ చీకట్లో మా అమ్మ భుజాలు నవ్వుతో ఊగడం నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. ఆవిడ ఒళ్లోనే కదా నా తల ఉండేది.

ఇంటి దగ్గర మా అమ్మ అలా నవ్వగా నేను చూడలేదు. పెద్ద కోడలు. తెల్లారుజామున లేచి పేడనీళ్లు చల్లడం దగ్గర మొదలైతే రాత్రి వంటిల్లు కడగడం దాకా ఆవిడ పనికి విరామం లేదు. బియ్యం కొట్టు తాళం, భోషాణం తాళం నాయనమ్మ మొలలో ఉండేవి. పండక్కి నెయ్యి కావాలన్నా అడిగి తీయించుకోవాలి. నాయనమ్మ చెడ్డదని నేననను, ఎందుకో కాసేపట్లో చెబుతాను. కానీ ఆ ఇంట్లో అత్తగారిని చూసి నవ్వడం అనేది లేదు. టూరింగ్ హాల్లో మాత్రం ఉంది. పైగా అత్తగారి పక్కనే కూర్చుని!

మా అమ్మకి అన్నింటికంటే ఇష్టమైంది ‘తోడికోడళ్ళు’. అన్నపూర్ణా వాళ్లది, ఆదుర్తి సుబ్బారావు గారి దర్శకత్వం, శరత్‌చంద్ర ఛటర్జీ బెంగాలీ నవల ఆధారంగా తీసింది. 1957 జనవరిలో వచ్చింది. అందులో సూర్యకాంతం గారు అనసూయ. పెద్ద తోడికోడలు కన్నాంబ గారు, చిన్న తోడికోడలు సావిత్రి గారు, అనసూయకి భర్త రేలంగి గారు. మా ఇంట్లో కూడా ముగ్గురు కోడళ్లే కాబట్టి ఎవరు ఎవరో మాకు వేరే చెప్పక్కర్లేకపోయింది. ఆ అనసూయ పాత్రని గమనించి చూడండి. తన మొగుడికి అన్యాయం జరుగుతోందని, తన బిడ్డకి దక్కాల్సింది దక్కడం లేదని ఆవిడ నిజంగా నమ్ముతుంది. నమ్మి మాట్లాడుతుంది. ‘నేను చెడ్డదాన్ని, ఇప్పుడు ఒక చెడ్డపని చేస్తున్నాను’ అని కంటితో ప్రేక్షకులకి సైగ చేసే నటన ఆవిడ ఎన్నడూ చెయ్యలేదు. గయ్యాళి పాత్రలు వేసినవాళ్లు చాలామంది ఆ సైగ చేస్తారు. మూతి వంకరగా పెట్టి, కళ్లు చిట్లించి, తాము వేరు ఈ పాత్ర వేరు అని చెప్పుకుంటారు. సూర్యకాంతం గారు ఆ గయ్యాళి పక్షాన నిలబడి వాదించేవారు. మనకి నవ్వు వస్తుంది, ఆవిడకి రాదు. హాస్యం పండేది అక్కడే అని నా నమ్మకం.

అదే 1957 మార్చిలో ‘మాయాబజార్’. అంటే జనవరిలో ఎస్వీ రంగారావు గారు ఆవిడకి బావగారు, మార్చి వచ్చేసరికి కొడుకు. 1961లో ‘వెలుగునీడలు’లో భర్త. అందులో ఆవిడ కనకదుర్గమ్మ. పిల్లలు లేరని సుగుణని పెంచుకుని, తన కడుపున బిడ్డ పుట్టాక ఆ పిల్లని దూరం పెట్టే తల్లి. మరుసటి ఏడు ‘గుండమ్మ కథ’లో మళ్లీ ఆయనే వియ్యంకుడు. బావ, కొడుకు, మొగుడు, వియ్యంకుడు! ఒక ఐదారేళ్లలో ఒకే మనిషితో ఇన్ని వరసలు కలుపుకుని, ఏ వరసకి తగ్గట్టు ఆ వరస మాట్లాడి, ఎక్కడా తడబడకపోవడం మామూలు సంగతి కాదు. బావగారి ముందు గొంతు తగ్గించి గొణగడం, మొగుడి ముందు గొంతు పెంచడం, వియ్యంకుడి ముందు మర్యాద అడ్డమొచ్చి నమిలి మింగడం, ఇవన్నీ వేర్వేరు నటనలు. మన ఇళ్లల్లో ఆడవాళ్లు రోజూ చేసేవే. అందుకే మా వాళ్లు అంత తేలిగ్గా పట్టుకునేవారు.

ఇక ‘గుండమ్మ కథ’. 1962 జూన్ 7న విడుదలైంది. విజయా వారి సినిమా, కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వం, డి.వి. నరసరాజు గారి మాటలు. రామారావు గారికి అది నూరో సినిమా, నాగేశ్వరరావు గారికి తొంభై తొమ్మిదో సినిమా అని చెబుతారు. సావిత్రి, జమున ఇద్దరూ ఉన్నారు. అంతమంది ఉండగా సినిమాకి పేరు మాత్రం అత్తగారిది! అప్పటికీ ఇప్పటికీ ఇలాంటిది నాకు మరొకటి గుర్తు రావడం లేదు. మళ్లీ ఆ కథ తీస్తారన్న మాట మధ్యలో ఎన్నోసార్లు వినపడింది. ఆ కొడుకుని, ఈ మనవణ్ని పెట్టి తీయొచ్చని లెక్కలు వేసేవాళ్లు. తీరా చివరికి ఒకటే ప్రశ్న ఎదురయ్యేది: గుండమ్మ ఎవరు? దానికి జవాబు దొరకలేదు.

మా ఊరి డేరాకి అది వచ్చేసరికి ఏళ్లు గడిచిపోయాయి. బొమ్మ మీద గీతలు పడి, మధ్యలో తెగి, అతుకులతో వచ్చింది. అయినా బండి కట్టుకుని వెళ్లాం, నేల వైపు కూడా జాగా లేదు. సవతి కూతురు లక్ష్మి చేత చాకిరీ చేయించడం, సొంత కూతురు సరోజని నెత్తిన పెట్టుకోవడం, అంజిగా నౌకరు వేషంలో వచ్చిన రామారావు గారు లక్ష్మి పక్కన చేరి రుబ్బురోలు తిప్పడం... ఆ రుబ్బురోలు దగ్గర తడిక ఇవతల వేసిన ఈలలు మగవాళ్ల వైపు కూడా వెయ్యలేదంటే నమ్మాలి మీరు. పెద్ద హీరో ఆడవాళ్ల పని పంచుకుంటున్నాడు మరి!

తిరిగి వస్తుంటే బండిలో మా నాయనమ్మ ఉన్నట్టుండి అంది, “ఏం తప్పుందే గుండమ్మది? మొగుడు పోయినదానికి ఆ మాత్రం నోరు లేకపోతే ఊళ్లోవాళ్లు బతకనిస్తారా?”

హాల్లో కూర్చున్నంతసేపూ దాని నోరు పడిపోవాలని తిట్టిన మనిషి ఈ మాట అనేసరికి అందరూ ఊరుకుండిపోయారు. మా తాతయ్య చిన్న వయసులోనే పోయారు. ముగ్గురు మగపిల్లలు, కొంచెం మెరక, కొంచెం పల్లం. దాయాదులు గట్లు జరిపేవాళ్లట, నీరు మళ్లించేవాళ్లట. నాయనమ్మ కాలవ దగ్గర పార పట్టుకుని రాత్రంతా కాపలా కూర్చున్న సంగతి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నోరే ఆ భూమిని నిలబెట్టింది.

కొంతసేపటికి మా అమ్మ, చీకట్లోనే, మెల్లిగా అంది. “నోరు ఉండాలి అత్తయ్యగారూ. ఉండాల్సిందే. అయితే అది ఊరి మీద ఉండాలి గానీ, ఇంట్లో ఆ పిల్ల మీద ఎందుకు?”

పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకోవడం గుర్తుంది. నాయనమ్మ ఏమంటుందోనని. నాయనమ్మ కాస్త ఆగి, “ఆ పిల్ల మీద తప్పే. అది తప్పేలే” అంది. అంతే. ఎద్దుల మెడలో గంటలు తప్ప ఇల్లు చేరేదాకా ఇంకో మాట లేదు.

మర్నాటి నుంచి ఇల్లేమీ స్వర్గం అయిపోలేదు. పాలు పొంగిపోతే మళ్లీ తిట్లే, కొట్టు తాళం మళ్లీ నాయనమ్మ మొలలోనే. కానీ ఆ రాత్రి తర్వాత మా ఇంటికి ఒక భాష వచ్చింది. నాయనమ్మ మరీ రెచ్చిపోతే చిన్న బాబాయి “అంజి వచ్చాడమ్మా” అంటూ వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. నాయనమ్మకి నవ్వు ఆగేది కాదు. మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఉండేది, ఆవిడ వస్తే నాయనమ్మే హడలిపోయేది. ఆవిడ వీధి చివర కనపడగానే “దుర్గమ్మ దిగుతోంది” అని పిల్లలం పరుగెత్తుకొచ్చి చెప్పేవాళ్లం. కోడళ్లు, అత్తగారు అంతా ఒక జట్టు అయిపోయేవారు ఆ పూటకి. అమ్మ, నాయనమ్మ ఒకరితో ఒకరు ఎన్నటికీ అనుకోలేని మాటలు గుండమ్మ పేరు పెట్టి, అనసూయ పేరు పెట్టి అనుకున్నారు. ఆవిడ నటన గురించి గొప్పవాళ్లు ఎన్నో రాశారు. మా ఇంటికి ఆవిడ చేసిన ఈ ఉపకారం గురించి మాత్రం ఎక్కడా చదవలేదు. మా ఒక్క ఇంటికే చేసిందనీ అనుకోను.

దుర్గమ్మ అంటే గుర్తొచ్చింది, ‘గుండమ్మ కథ’లో ఆ వేషం వేసిన ఛాయాదేవి గారు. ఆవిడ గురించి వేరే రాయాలి. సూర్యకాంతం గారి ఎదుట నిలబడి, ఆవిడ నోరు మూయించగలరని మనం నమ్మేట్టు చెయ్యడం తేలికా? గుండమ్మ ఇంట్లోకి దుర్గమ్మ వచ్చి పెత్తనం లాక్కుని, గుండమ్మని గదిలో పెట్టి తాళం వేసిన తర్వాత సినిమా రంగే మారిపోతుంది. అంతవరకూ ఇంటినంతా ఏలిన గొంతు జీరబోయి, చూపు బెదురుగా అయిపోయి, కూర్చున్న మనిషి కుంచించుకుపోయినట్టు ఉంటుంది. ఒళ్లు అంతే ఉంటుంది, మనిషి చిన్నదైపోతుంది. అది ఎలా చేశారో నాకు అంతుపట్టదు.

సూర్యకాంతం గారి చెయ్యి గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకాలకి అర్థం లేదు. ఎడమ చెయ్యి. ముందు ఆ చెయ్యి లేస్తుంది, వెనకాల మాట వస్తుంది. మణికట్టు దగ్గర ఒక మెలిక, వేళ్లు విప్పి ఒక విసురు. అవతలి మనిషి మొహం మీద తలుపు వేసినట్టే. చుట్టూ ఎంతమంది ఉన్నా మన కన్ను ఆ చేతి మీదికే పోతుంది. ఇది నాటకాల గాలి పీల్చినవాళ్ల లక్షణం అని నాకనిపిస్తుంది. నాటకంలో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి మొహంలో కదలిక కనపడదు, చెయ్యి కనపడుతుంది. గొంతు కూడా అంతే. మైకులు లేని రోజుల్లో పందిరి చివరిదాకా మాట వెళ్లాలంటే ప్రతి అక్షరాన్నీ విడగొట్టి విసరాలి. ఆవిడ ఎంత వేగంగా తిట్టినా ఒక్క అక్షరం కూడా మింగెయ్యరు, గమనించండి. గీతలు పడ్డ రీళ్లలో, గరగరమనే మా డేరా స్పీకర్లలో కథానాయికల మాటలు సగం పోయేవి. ఆవిడ మాట మాత్రం ఒక్కటి కూడా పోయేది కాదు.

కాకినాడ నాటకాల ఊరు. సరస్వతీ గానసభ ఉన్న ఊరు, యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఉన్న ఊరు. ఎస్వీ రంగారావు గారు, రేలంగి గారు, అంజలీదేవి గారు ఆ క్లబ్బు నాటకాల్లోంచి వచ్చినవాళ్లే. ఆ గాలిలో పెరిగిన పిల్ల సూర్యకాంతం. తల్లిదండ్రులకి పద్నాలుగో సంతానమట, ఆరేళ్లకే తండ్రి పోయారు. చిన్నప్పుడే ఆటపాటలు నేర్చుకుంది. సినిమా గోడబొమ్మలు చూసి తనూ అలా అవ్వాలనుకుంది. ఆ రోజుల్లో తండ్రి లేని ఆడపిల్ల నాటకాలంటే, సినిమాలంటే చుట్టుపక్కల ఎన్ని నోళ్లు లేచి ఉంటాయో నాకు తెలుసు. మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో వేసే పద్యనాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. వాళ్లు గయ్యాళి వేషం కడితే జనం నవ్వేవారు గానీ అది మగవాడు ఆడదాన్ని వెక్కిరించే నవ్వు. సూర్యకాంతం గారిని చూసి మేము నవ్వింది వేరే నవ్వు.

మద్రాసులో ఆవిడ మొదటి రోజులు చదివితే కడుపు తరుక్కుపోతుంది. 1946లో సి. పుల్లయ్య గారి ‘నారద నారది’లో చిన్న వేషం. పుల్లయ్య గారూ కాకినాడ మనిషే. జెమినీ స్టూడియోలో నెలజీతం మీద. ‘చంద్రలేఖ’లో నాట్యం చేసే గుంపులో ఒక అమ్మాయి. జీతం 65 రూపాయలు. చాలదని అడిగితే 75 చేశారట. అడిగింది చూశారా? అంత పెద్ద స్టూడియో, గుంపులో నిలబడే పిల్ల, అయినా వెళ్లి చాలదని అడిగింది. ఆ పది రూపాయల సంగతి విన్నప్పుడు మా నాయనమ్మ “అదీ!” అని తొడ చరిచింది.

కథానాయిక కావాలన్నది ఆవిడ కోరిక. ‘సౌదామిని’లో ఆ అవకాశం వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే కారు ప్రమాదంలో మొహానికి దెబ్బ తగిలి అది చెయ్యి జారిపోయింది. ఇంచుమించు అదే సమయానికి ఎల్.వి. ప్రసాద్ గారు ‘సంసారం’లో గయ్యాళి అత్త వేషం ఇచ్చారు. ఆ ఒక్క వేషంతో ఆవిడ జీవితం అటు తిరిగిపోయింది. తర్వాత హిందీలో ఒక మంచి అవకాశం వస్తే, దానికోసం ముందు అనుకున్న నటిని తీసేశారని తెలిసి, ఒకరి నోటి దగ్గరి కూడు తనకి వద్దని మానుకుందని ఆవిడ గురించి రాసినవాళ్లందరూ చెబుతారు. మొహానికి దెబ్బ తగలకపోతే మనకి ఒక కథానాయిక ఉండేదేమో. ఉన్న బోలెడుమందిలో ఒకరు. గుండమ్మ మాత్రం ఉండేది కాదు.

ఇంటి దగ్గర ఆవిడ ఎలా ఉండేవారో ఆవిడతో పనిచేసినవాళ్లు చెప్పగా విన్నదే గానీ నేను చూసింది కాదు. 1950లో పెళ్లయింది, భర్త హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. షూటింగుకి వస్తే ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని అందరికీ వడ్డించేవారని ఎంతమంది నటులు చెప్పారో! తెర మీద కోడలికి గంజి పొయ్యడానికి కూడా ఏడ్చే మనిషి, తెర దిగితే పదిమందికి అన్నం పెట్టనిదే తినేది కాదట. ఆవిడ వేషాల దెబ్బకి తెలుగుదేశంలో ఆడపిల్లకి సూర్యకాంతం అని పేరు పెట్టేవాళ్లే లేకుండా పోయారని సరదాగా అంటుంటారు. మా ఊళ్లో ఆ మాట నిజం. పాతకాలం వాళ్లలో ఆ పేరుగల ఇద్దరు ముగ్గురు ఉండేవారు గానీ నా ఈడువాళ్లలో ఒక్కరూ లేరు. ఎంత చక్కటి పేరు! సూర్యుడి వెలుగు తగిలితే నిప్పు రాజేసే రాయి.

‘దసరా బుల్లోడు’ నాటికి, అంటే 1971కి, సినిమాలకి రంగులొచ్చాయి, మాకు కాకినాడ వెళ్లి పెద్ద హాల్లో చూసే వీలొచ్చింది. ఆవిడ ఉన్నారు. ఆ తర్వాత నా పెళ్లయింది, కాపురం, పిల్లలు. ఆ మధ్య ఏళ్లలో ఆవిడ వేషాలు చాలావరకు ఒకే మూసలో వచ్చాయి. ఆ మాట చెప్పడానికి మనసొప్పదు గానీ నిజం. కథ రాసేవాళ్లు ‘సూర్యకాంతం’ అని రాసుకుని ఊరుకున్నారు, పాత్ర రాయడం మానేశారు. ఆవిడ చెయ్యి తిప్పితే జనం నవ్వుతారు కదా అని. అంత గొప్ప నటికి అన్యాయం జరిగింది అక్కడ. అలాంటి సినిమాల్లో కూడా రెండు నిమిషాలు దొరికితే ఆ రెండు నిమిషాలూ ఆవిడవే.

దూరదర్శన్‌లో శనివారం సాయంత్రం తెలుగు సినిమా వేసే రోజుల్లో ‘గుండమ్మ కథ’ మళ్లీ వచ్చింది. నేను పిల్లలతో పుట్టింట్లో ఉన్నాను. నాయనమ్మకి అప్పటికి చూపు సరిగా ఆనడం లేదు. టీవీకి మరీ దగ్గరగా పీట వేసుకుని కూర్చుంది. పక్కనే అమ్మ, బియ్యం చేట ఒళ్లో పెట్టుకుని. ఇద్దరూ సినిమా పొడుగునా వాదులాడుకున్నారు. పాత వాదనే. ఇప్పుడు అమ్మకి కూడా కోడలు వచ్చింది కాబట్టి అమ్మ మాటల్లో కొంచెం తేడా కనిపించింది నాకు. “సరోజ పద్ధతి మాత్రం బావుందా? కూతుర్ని అలా గారం చేసింది కానీ...” అంటూ గుండమ్మని ఒకటి రెండు చోట్ల వెనకేసుకొచ్చింది.

దుర్గమ్మ తాళం వేసే చోటు వచ్చేసరికి నాయనమ్మ కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. లక్ష్మి, అంజి వచ్చి గుండమ్మని బయటికి తెచ్చారు. నాయనమ్మ టీవీ వైపే చూస్తూ “చూశావా అమ్మాయ్, తిట్లు తిన్న పిల్లే వచ్చింది. ఇంకెవ్వరూ రాలేదు” అంది. అమ్మ “ఆ” అంది. చేటలో రాళ్లు ఏరుతూనే ఉంది. ఆ తర్వాత నాయనమ్మ మంచాన పడ్డ రోజుల్లో ఆవిడకి చేసిందంతా అమ్మే.

1994 డిసెంబరులో సూర్యకాంతం గారు మద్రాసులో పోయారు. ఆ ఏడు కూడా ‘ఎస్.పి. పరశురామ్’లో కనిపించారు. అరవై ఏళ్లు దాటి, ఒంట్లో సత్తువ తగ్గినా పని మానలేదు. వార్త వచ్చిన రోజు మా ఇంట్లో దగ్గరి చుట్టం పోయినట్టే ఉంది. అమ్మ ఆ పూట పొయ్యి ఆలస్యంగా వెలిగించింది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు.

2024లో ఆవిడ శతజయంతి వచ్చింది. ఇప్పుడు మా మనవలు ఫోన్లలో ఆవిడ ముక్కలు పంపించుకుంటారు. చెయ్యి తిప్పడం, ఒక తిట్టు, అయిపోయింది. ఆవిడ పుట్టి వందేళ్లయ్యాక కూడా పిల్లలు ఆవిడని చూసి నవ్వుతున్నందుకు నాకెంత ఆనందంగా ఉంటుందో! కానీ ఆ ముక్కలు తిట్టు దగ్గరే ఆగిపోతాయి. తిట్టిన తర్వాత ఒక క్షణం ఆవిడ మొహంలోకి వచ్చే భయం, అవతలివాళ్లు ఎదురు తిరిగితే ఏమవుతుందోనన్న ఆ బెదురు ఆ ముక్కల్లో ఉండదు. అది చూడాలంటే సినిమా మొత్తం చూడాలి. అందుకే సెలవలకి వచ్చిన మనవరాలిని కూర్చోబెట్టి ఒకే రోజు ‘తోడికోడళ్ళు’, ‘మాయాబజార్’ రెండూ చూపించాను. అనసూయ తర్వాత హిడింబి. ఘటోత్కచుడి తల్లి, రాక్షసి. ఉన్నది కాసేపే. అడవిలో కొడుకుతో ఉండే ఆ తల్లి, తన చోటుకి వచ్చిన సుభద్రని, అభిమన్యుణ్ని చూసి ఎంత నిండుగా ఆదరిస్తుందో చూడండి. వచ్చింది తోడికోడలు, ఆమె బిడ్డ. తెలుగు సినిమా మొత్తానికి తోడికోడళ్ల పోరు నేర్పిన మనిషి, ఆ ఒక్క చోట తోడికోడల్ని తోడబుట్టినదానిలా దగ్గరకు తీసుకుంటుంది. ఎడమ చెయ్యి విసురు లేదు, గొంతులో గద్దింపు లేదు. మా మనవరాలు హిడింబి చాలాసేపు మాట్లాడేదాకా ఆవిడ ఎవరో గుర్తుపట్టనేలేదు. మీ పిల్లలకి కూడా అదే వరసలో చూపించి, వాళ్లు ఎప్పుడు గుర్తుపట్టారో నాకు రాయండి.